మా ఇంటి వంతుల చదువు

మా ఇంటి కుటుంబ ప్రార్థనలో అందరం బైబిల్ చదివేవాళ్లం, ఎవరమూ వినేవాళ్లం కాదు. కోడలు వచ్చేదాకా ఈ సంగతి మాకే తెలియదు.

మాది వంతుల పద్ధతి. సాయంత్రం చాప పరిచి మా ఆయన, నేను, మా అబ్బాయి గుండ్రంగా కూర్చుంటాం. తలా ఒక వచనం చదవాలి. చూసేవాళ్లకు ఎంతో భక్తిగా కనిపిస్తుంది. నిజానికి అధ్యాయం చెప్పగానే ముగ్గురం మా వంతుకు ఏ వచనం పడుతుందో వేలు పెట్టి వెతుక్కుంటాం. ఇక పక్కవాళ్లు ఏం చదివినా చెవికెక్కదు. మన వచనాన్ని పెదవుల్లోనే తిప్పుకుంటూ ఉంటాం. నోరు తిరగని ఊరి పేరు ఉంటే ఆ పని ఇంకా ఎక్కువ. మా అబ్బాయి తన వంతు అయిపోగానే చల్లగా ఫోన్‌లోకి జారుకుంటాడు. నాకు పొడుగు వచనం పడేటట్టుంటే సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి.

ఆయన స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జఫర్‌గఢ్ దాకా ఆటో నడుపుతారు. వాక్యం చదవడమూ ఆటో నడిపినట్టే ఉంటుంది. కామా దగ్గర ఆగరు, చుక్క దగ్గర ఆగరు. ఊపిరి అందకపోతే మాత్రం ఆగుతారు, అది ఎక్కడైనా సరే.

ఆయనకూ వాళ్ల అన్నకూ మధ్య మాటలు లేకుండా పోయింది ఈ వేగం వల్లే. ఒక ఆదివారం చర్చిలో పాఠం చదివే పని ఆయనకు పడింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని లేచి, ఎవరో వెనక నుంచి హారన్ కొడుతున్నట్టు చదువుతున్నారు. ముందు చాప మీద కూర్చున్న మా బావ, అంటే ఆయన సొంత అన్న, అందరికీ వినిపించేటట్టు అన్నారు.

“తమ్మీ, జర నిమ్మలంగ పోనియ్యి. గిది జఫర్‌గఢ్ ఆటో కాదు.”

సంఘమంతా ఘొల్లుమంది. పాస్టరయ్య కూడా పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. అది ఆయన చూడలేదనే ఇప్పటికీ నా నమ్మకం.

ఆ రోజు నుంచి ఆయన చర్చిలో గుమ్మం పక్కన కూర్చుని, ఆఖరి ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకోగానే బయటపడేవారు. అన్న ఉండే వీధిలోకి ఆటో పోనిచ్చేవారు కాదు. స్టేషన్ వైపు నుంచి తిప్పుకొచ్చేవారు. ఎక్కినవాళ్లు ఇదేంటని అడిగితే ఆ వీధి రోడ్డు ఖరాబైందని చెప్పేవారు. సిమెంటు రోడ్డు, నున్నగా ఉంటుంది.

మొదట్లో నాకు ఇదంతా నవ్వులాటే. పోనుపోను బాధ మొదలైంది. మా మామ చిన్న వయసులోనే పోతే, ఈయనకు అక్షరాలు దిద్దించింది ఆ అన్నే. వచనం వెంట వేలు జరుపుతూ చదవడం నేర్పిందీ ఆయనే. అలాంటివాళ్లు ఎదురెదురు పడి ముఖాలు తిప్పుకుంటుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఈ వానాకాలం బావకు కంటి ఆపరేషన్ అయింది. ఈయన హనుమకొండ దవాఖానకూ పోలేదు, ఇంటికొచ్చాక చూడనూ లేదు. బావ భార్య, నా తోటికోడలు, కూరగాయల అంగడిలో కనబడి నా చెయ్యి పట్టుకుంది.

“కన్ను మంచిగనే ఉన్నది చెల్లె. కానీ కొన్ని దినాలు సదువొద్దన్నరు. పొద్దుగాల వాక్యం సదవంది ఆయనకు చాయ్ గుడ దిగది. నాకా సదువు రాకపాయె, పిల్లలేమో పట్నంల ఉండిరి. మీ ఆయనను జర పంపియ్యవా?”

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను.

“కావాల్నంటె ఆయన్నే అడగమను. ఆపరేషన్ కంటికైతే నోటికేమైంది?” అన్నారు.

అప్పటికి మా కోడలు వచ్చి కొన్ని నెలలైంది. మహదేవపూర్ దిక్కు పిల్ల, ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతుంది. ఒక సాయంత్రం అందరం ఆమేన్ అనగానే ఆమె మెల్లగా అడిగింది.

“మామా, ఇయ్యాల ఏం సదివినం?”

ఆయన ఠక్కున అధ్యాయం నంబరు చెప్పారు.

“గది సరే మామా, అందుల ఏమున్నది?”

ఆయన నా వైపు చూశారు. నేను మా అబ్బాయి వైపు చూశాను. వాడు తన వచనం వరకైతే చెప్పగలనన్నాడు. నేను పాలు చూసొస్తానని లేచాను. ఆ పూట పొయ్యి మీద పాలే లేవు.

మర్నాటి నుంచి కోడలు తన బడి పద్ధతి తెచ్చింది. ఒకరు ఒక కథ మొత్తం చదవాలి. మిగిలినవాళ్లు పుస్తకాలు మూసి వినాలి. తర్వాత ఇంకొకరు దాన్ని మన మాటల్లో, పక్కింటివాళ్లకు చెప్పినట్టు చెప్పాలి. చివర్లో ఎవరికైనా అనుమానం ఉంటే అడగాలి, జవాబు పుస్తకంలోనే వెతకాలి.

“వాక్యాన్ని మన మాటల చెప్తె పాపం కాదా?” అని ఆయన అడ్డుపడ్డారు.

“దేవునికి మన మాట రాదా మామా?” అంది. ఆయన గొణుక్కుంటూనే తన పుస్తకం మూశారు.

మా అబ్బాయి తుఫానులో పడవ కథ చెప్పిన రోజు కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. “గాలిదుమారం లేసింది, పడవల నీళ్లొచ్చినయి, అందరు పరేషాన్, ప్రభువేమో మంచిగ పండుకున్నడు” అన్నాడు. కానీ ఆ కథ మాలో ఎవరమూ మర్చిపోలేదు.

ఇంకొన్నాళ్లకు చదివే వంతు నాది, చెప్పే వంతు ఆయనది అయ్యాయి. నేను ఇద్దరు కొడుకుల కథ తీశాను. కావాలనే తీశాను.

ఆయన హుషారుగా అందుకున్నారు. చిన్న కొడుకు ఆస్తి పాడు చేసుకోవడం, పందుల దగ్గర పనికి కుదరడం, వాపసు వస్తుంటే తండ్రి ఎదురు ఉరకడం, ఇంట్లో దావత్, అన్నీ చేతులూపుతూ చెప్పారు.

“పెద్దోడు పొలంకాడికెళ్లి వచ్చిండు. సంగతి తెలిసి కోపానికొచ్చి బయటనే నిలబడ్డడు. బాపు బయటికొచ్చి బతిమిలాడిండు, నీ తమ్ముడే గద అన్నడు. అంతే.”

“మరి పెద్దోడు లోపలికి పోయిండా మామా?”

“పోయిండు.”

“ఉన్నదా గట్ల?”

ఆయన అద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచారు. పేజీ తిప్పారు. అక్కడ వేరే కథ మొదలైంది. వెనక్కి తిప్పి, చివరి వచనాలు వేలు జరుపుతూ ఒక్కొక్క మాటే చదివారు. అంత నెమ్మదిగా ఆయన చదవడం నేనెప్పుడూ చూడలేదు.

“రాయలే,” అన్నారు. “ఇన్నేండ్ల సంది సదువుతున్న. పోయిండా, పోలేదా, రాయనే లేదు.”

కోడలు ఇంకేదో అనబోయింది. నేను ఆమె చెయ్యి గిల్లాను.

పొద్దున ఆయన ఆటో తీస్తూ, ఉల్లిగడ్డలు తెచ్చుకుందాం రమ్మన్నారు. ఇంట్లో బుట్టెడు ఉన్నాయి. అయినా సంచి తీసుకుని ఎక్కాను. సీటు పక్కన బైబిల్ ఉంది. ఆటో స్టేషన్ వైపు తిరగలేదు, నేరుగా అన్న వీధిలోకి పోయింది.

గడప దాకా వచ్చి ఆయన ఆగిపోయారు. లోపల మంచం మీద బావ నల్లద్దాలతో కూర్చుని ఉన్నారు.

“ఎవరది?” అన్నారు. ఈయన చెప్పులు విడిచారు.

“నడక మా తమ్మునిది లెక్కనే ఉన్నది,” అన్నారు బావ. “బయట నిలబడ్డవేందిరా, లోపలికి రా.”

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను కళ్లు ఒత్తుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. తిరిగి చూసేసరికి ఆయన లోపల, మంచం పక్కన కుర్చీలో ఉన్నారు. పలకరింపులు లేవు, క్షమాపణలు లేవు. పుస్తకం తెరిచి మొదలుపెట్టారు, మళ్లీ ఆ పాత వేగంతోనే.

“తమ్మీ, జర నిమ్మలంగ...” అని బావ నాలుక కరుచుకున్నారు.

ఆయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

“నువ్వు నా ఆటో ఎక్కి కూసున్నవ్ గదా అన్నా, నిమ్మలంగనే పోనిస్త,” అని, మళ్లీ మొదటి వచనం నుంచి ఎత్తుకున్నారు.