శవం బాబాయిని జడ్జిని చేసిన లింకు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడూ ఇంజనీరే. తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టిన నేను ఆ కోర్సు కూడా నెలన్నరకే మానేశాను కాబట్టి సగం ఇంజనీరునన్నమాట (ఏ సగమో ఇప్పటికీ తెలియదు). ఆ ధైర్యంతోనే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే ఏజెంటన్న దగ్గర చేరి, ఆయన మనుషులందరికీ ఒక వెబ్‌సైటు తయారుచేశాను. ఒక్కొక్కరికీ ఒక్కో లింకు. దాని చివర ఒక ప్రశ్నార్థకం, ఆ పక్కన పేరు, వేషం. అక్కడ ఏది రాసి ఉంటే ఫొటో కింద పేజీ అదే చూపించేది. నిజమో కాదో సరిచూసే పని దానికి నేను పెట్టలేదు (పెట్టాలని తెలిస్తే కదా).

ఇరవై ఏళ్లుగా పాడె మీద తప్ప కెమెరా ముందుకు రాని బాబాయి ఒకాయన ఉండేవాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, తన లింకులో ‘శవం’ అని ఉన్నచోట ‘జడ్జి’ అని కొట్టి, దాన్ని ఒక సినిమా కంపెనీకి మెయిల్ చేశాడు. మర్నాడే ఆఫీసుకు ఫోను: పొద్దున్నే శ్రీనగర్ కాలనీకి ఆ జడ్జిని పంపమని.

“గాయన జడ్జి ఎప్పుడైండు? నువ్వే చేసినవా?” అన్నాడు ఏజెంటన్న నన్ను. “ఇప్పుడు కాదంటే ఆ కంపెనీ మళ్ల మనల్ని పిలవదు. నువ్వు గూడ ఎంబడి పో. గాడ జర తేడా వచ్చిందనుకో, అటుకెల్లి అటే ఇంటికి పో.”

సెట్లో నాకు కాలు ఒకచోట నిలవలేదు. మూడు టీలు తాగాను, రెండుసార్లు లైటు వైరు కాలికి తగిలి తూలాను. బాబాయి మాత్రం నల్లకోటులో ఎత్తు కుర్చీ మీద దర్జాగా కూర్చున్నాడు. తీరా “యాక్షన్” అనగానే అలవాటు కొద్దీ కళ్లు మూసి ఊపిరి బిగబట్టేశాడు. లాయరు వాదిస్తూనే ఉన్నాడు, జడ్జి కదలడు. నేను గేటు ఎంత దూరమో లెక్కేసుకుంటున్నాను. డైరెక్టరు “కట్” అని కడుపు పట్టుకుని నవ్వి, “నిద్రపోయే జడ్జి బాగున్నాడండీ, ఇలాగే ఉంచేద్దాం” అన్నాడు.

బతుకుజీవుడా అని ఆ సాయంత్రమే పేజీని సరిచేశాను. లింకులో ఎవరేం కొట్టినా, ఏజెంటన్న జాబితాలో ఉన్న వేషమే వస్తుంది. అదేదో ఘనకార్యమైనట్టు నేను కాలరెగరేసిన తీరు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. మర్నాడు బాబాయి మా ఆఫీసులోనే, నా పక్కన కూర్చుని ‘మంత్రి’ అని కొట్టాడు. ‘శవం’ అనే వచ్చింది. నావైపు తిరిగాడు.

“ఏరా అబ్బాయీ, ఇన్నేళ్లలో ఫిల్మ్‌నగర్ మొత్తం మీద అడగ్గానే నాకు వేషం ఇచ్చింది నీ పేజీ ఒక్కటే. దానికీ బుద్ధి నేర్పావా?”