మాల్పెన్సా నుంచి లినాటెకు

నేను గనిలో సర్వేయర్‌ని. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చే సొరంగాలు నేను గీసిన గీత మీదే వచ్చి కలుస్తాయి. ఇన్నేళ్లలో బెత్తెడు తేడా రాలేదన్న పొగరు నాకుంది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఎవరికి ఏ దూరం కావాలన్నా నన్నే అడుగుతారు. అడక్కపోయినా చెబుతాను.

నేను చెల్లె అని పిలిచే ఆమెదీ మా క్వార్టర్ల వరుసే. భర్త పోయాక అతని ఉద్యోగం ఆమెకిచ్చారు. లాంప్ రూములో కూర్చుని, గనిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు అందిస్తుంది. ఆమె చేతుల్లో పెరిగిన చెల్లెలు కన్యస్త్రీ అయి, ఇటలీలో, సిసిలీ దీవిలో ముసలివాళ్లకు సేవ చేసేది. ఆ చెల్లెలికి క్యాన్సర్ ముదిరిందనీ, ఇక రోజులేననీ కబురొచ్చింది. వీసా రాగానే ఆమె టికెట్ కోసం నా దగ్గరికే వచ్చింది.

మిలాన్‌లో మాల్పెన్సా అనే విమానాశ్రయంలో దిగి, అదే ఊళ్లో లినాటె అనే ఇంకో విమానాశ్రయం నుంచి సిసిలీ విమానం ఎక్కాలి. రెండింటి మధ్య దూరం ఫోన్లో వెతికితే యాభై కిలోమీటర్లలోపే అని వచ్చింది. అది రోడ్డు దూరం కాదు, గాల్లో తిన్నగా కొలిచిన దూరమని కిందనే రాసుంది. చదివాను కూడా! మాకు దూరమంటే ప్లాను మీద స్కేలు పెట్టి గీసే గీతే కదా, పట్టించుకోలేదు.

"మంచిర్యాల పోయి వచ్చినంత దూరం. గంట చాలు. రెండున్నర గంటలున్నయి," అన్నాను.

"సాయంత్రం ఇంకో విమానం ఉందంటివి గదన్నా. నాకు భాష రాదు. నిదానంగ దాంట్ల పోతనే?"

"ఏంది చెల్లె, నా మీద నమ్మకం లేదా? జల్ది పోయి చూసుకోవాలె గని, ఆడ కూసొని ఏం జేస్తవు?" అని కసిరాను. పాపం, సరేనంది. ముందు విమానానికే టికెట్ తీశాను.

పాస్‌పోర్టు దగ్గర వరుస, పెట్టె కోసం ఎదురుచూపు, చుట్టు తిరిగే రోడ్డు, ఆగి ఆగి నడిచే బస్సు. ఇవేవీ నా లెక్కలో లేవు. ఆమె లినాటె చేరేసరికి కౌంటరు మూసేశారు. సాయంత్రం విమానంలో సీటు లేదు. మర్నాడు దీవిలో దిగేసరికి చెల్లెలు పోయి ఆరు గంటలైంది. అక్క వచ్చిందా అని చివరిదాకా అడిగిందట.

తిరిగొచ్చాక లాంప్ రూములో అందరితో చెబుతోంది. "నాకు ఇంగ్లీషు రాదాయె. దారి అడుగ చాతగాక లేటు జేసిన. నా మొద్దుతనమే."

లైటు కోసం నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. "నీ తప్పేం లేదు చెల్లె," అన్నాను. నాదేనని మాత్రం అనలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. అయినా లైటు తీసుకుని దిగిపోయాను.

నెల తర్వాత నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అన్నా, ఇంగ్లీషు నేర్చుకుంటున్న. లినాటెకు బస్సు యాడ దొరుకుతదని ఎట్ల అడుగాలె? జెర రాసియ్యి."

"ఇప్పుడెందుకు చెల్లె?"

"ఇంకోసారి గిట్ల కావద్దు గదా."

ఆ దేశంలో ఆమెకు ఇక ఎవరూ లేరు. తప్పు నాదేనని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ ఇంగ్లీషు ప్రశ్నను తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. నా ఎదురుగానే కూర్చుని, ఎక్కడా తడబడకుండా వచ్చేదాకా చదివి, నాకు అప్పజెప్పింది.