ఆ సీటు కోసం నీళ్లు మానేశాను

ఆ ఆదివారం రేస్ అయిపోయాక కారులోంచి దిగబోతే నడుం పట్టేసింది. రెండు పక్కలా, పక్కటెముకల కింద, ఎవరో పిడికిలితో లోపలికి నొక్కుతున్నట్టు నొప్పి. హోటల్ గదికి వెళ్లి బాత్రూంలో కూర్చుంటే చాలాసేపటికి నాలుగు చుక్కలు పడ్డాయి. డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఇలాంటివి నలుగురిలో చెప్పకూడదంటారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ కూడా అంటుంది. పడనీ. ఇన్నాళ్లూ చెప్పకుండా ఊరుకుని బాగుపడింది ఏమీ లేదు.

నేను సికింద్రాబాద్ దగ్గర యాప్రాల్‌లో ఆడవాళ్లకు కారు నేర్పుతాను. చిన్న డ్రైవింగ్ స్కూల్ నాది. వారమంతా క్లచ్ తొక్కాలో బ్రేక్ తొక్కాలో తెలియక నా మీద అరిచేవాళ్ల పక్కన కూర్చుంటాను. ఏడాదికి కొన్ని వారాంతాలు మాత్రం చెన్నై అవతల ఉన్న ట్రాక్ మీద రేస్ కారు తోలేదాన్ని. టీవీలో చూపించే బాణం లాంటి కారు కాదు. మీ వీధిలో తిరిగే మామూలు కారే. సీట్లు, ఏసీ, కార్పెట్లు అన్నీ పీకేసి, లోపల ఇనుప పైపుల పంజరం బిగించి, ఇంజన్‌కు కాస్త కోపం నేర్పి ట్రాక్ మీదికి వదులుతారు. ఒకసారి మూడో స్థానంలో వచ్చాను. ఆ రోజు ఎంత గర్వపడ్డానో నా పెళ్లి రోజు కూడా అంత గర్వపడలేదు. మా ఆయన శ్రీనుకు ఈ సంగతి తెలుసు, నవ్వుతాడు.

బయట చెన్నై ఎండ. లోపల ఏసీ లేని కారు. ఒంటి మీద మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా కుట్టిన, నిప్పంటుకోని దళసరి సూట్. అది విప్పాలంటే బెల్టులు, గ్లవ్స్, మెడపట్టీ అన్నీ తీసి భుజాల మీద నుంచి కిందికి ఒలవాలి. మగవాళ్లు గోడ వెనక్కి వెళ్లి జిప్ లాగితే పని అయిపోతుంది. నాకు ఆడవాళ్ల టాయిలెట్ కావాలి. అది ట్రాక్‌కు ఆ చివర, ప్రేక్షకుల గేటు వెనకాల ఉంది. దానికి తాళం. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ ఎక్కడున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

మా టీమ్ మేనేజర్ కిరణ్ మొదటి ఏడాదే ఉపాయం చెప్పాడు. "రేస్ నాడు పొద్దుగాల్నుంచి నీళ్లు తాగకక్కా. గొంతు తడుపుకో, చాలు. మల్ల సూట్ విప్పుడు, తొడుగుడు, గదంత కిరికిరి. పైంగ బరువు సుత తగ్గుతది, బండి ఉరుకుతది." మా రేసుల్లో డ్రైవర్ని కూడా కారులో కూర్చోబెట్టి తూస్తారు. బరువు తగ్గితే లాభమే. నాకు అది వింత ఉపాయంలా అనిపించలేదు. బస్సెక్కే ముందు నీళ్లు తాగొద్దని చిన్నప్పటి నుంచీ అమ్మ చెప్పిందే కదా. పెళ్లిళ్లకు వెళ్లినా, దూరం ప్రయాణం చేసినా మన ఆడవాళ్లు చేసేదే కదా. దాన్నే నేను గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో చేశాను. పైగా మెడనొప్పికి శుక్రవారం నుంచి పెయిన్‌కిల్లర్లు. టీమ్ డబ్బాలో బిస్కెట్లతో పాటు అవీ ఉండేవి. అందరం వేసుకునేవాళ్లం.

సోమవారం సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేసరికి వేళ్లు వాచి ఉంగరం బిగుసుకుపోయింది. ఇంటి దగ్గరి క్లినిక్‌కు వెళ్లాను. డాక్టర్ తలెత్తకుండానే, "ఏం పని చేస్తారు?" అన్నాడు. చెప్పాను. అప్పుడు తలెత్తాడు. "ఆడవాళ్లు, మీకెందుకండీ ఇవన్నీ? కండరాలు పట్టేశాయి, కాస్త గ్యాస్ కూడా ఉంది" అన్నాడు. యూరిన్ సరిగ్గా రావట్లేదన్నాను. "నీళ్లు తాగండి, వస్తుంది" అని నడుంనొప్పికి డైక్లోఫెనాక్ అనే పెయిన్‌కిల్లర్ ఇంజక్షన్ పొడిపించాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. అప్పటికే నీళ్లు లేక, ఆ మాత్రలతో చచ్చిపోతున్న కిడ్నీల మీద ఇంకో దెబ్బ. ఒక్క యూరిన్ టెస్ట్ రాసి ఉంటే సరిపోయేది. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. పెద్దమనసు చేసుకుని క్షమించమని చెప్పేవాళ్లు ముందు వెళ్లి ఆ ఇంజక్షన్ చేయించుకుని రావాలి.

బుధవారానికి మొహం పూరీలా పొంగింది. మంచినీళ్లు తాగినా వాంతి. పడుకుంటే ఊపిరాడటం లేదు. శ్రీను నన్ను ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలు వచ్చాక కిడ్నీల డాక్టర్, నెఫ్రాలజిస్ట్, నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. డాక్టర్ కుర్చీ లాక్కున్నాడంటే మంచి కబురు కాదని అప్పుడే తెలుసుకున్నాను.

"రక్తంలో కిడ్నీ వడకట్టాల్సిన మలినం, క్రియాటినిన్, ఏడు దాటిందమ్మా. ఒకటి లోపు ఉండాలి. పొటాషియం కూడా బాగా ఎక్కువగా ఉంది. కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి, అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటాం. ఇవాళే డయాలసిస్ మొదలుపెట్టాలి."

"మళ్లీ కారు నడపగలనా డాక్టర్?" అన్నాను. మొదట నా నోట్లోంచి వచ్చిన మాట అదే. బతుకుతానా అని కాదు.

"ముందు యూరిన్ రానివ్వండి. కిడ్నీకి నోరుండదమ్మా. అది చెప్పేసరికి చాలా అయిపోయి ఉంటుంది."

మెడలో కాథెటర్ గొట్టం పెట్టారు. నా రక్తం ట్యూబుల్లో బయటికి వెళ్లి మిషన్‌లో తిరిగి మళ్లీ లోపలికి వస్తుంటే చూస్తూ పడుకున్నాను. డాక్టర్ మళ్లీ వచ్చి రేస్ నాడు ఎన్ని నీళ్లు తాగానని అడిగారు. గొంతు తడుపుకున్నానంటే, ఎందుకు తాగలేదని అడిగారు. కారణం చెప్తే ఆయనకు ఎక్కలేదు. "అదేం కారణమమ్మా?" అన్నారు. పక్కన డయాలసిస్ నర్స్ గ్లవ్స్ తొడుక్కుంటోంది. ఆయన వెళ్లాక మెల్లగా అంది: "మేం సుత డ్యూటీల తాగం మేడం. పేషెంట్లను ఇడిచిపెట్టి ఎట్ల పోతం?" కిడ్నీలకు వైద్యం చేసే చోట కూడా ఇదే తంతు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒళ్లు మాత్రం మండింది.

మూడో డయాలసిస్ మధ్యలో మంచం ఊగిపోయేంత చలి పట్టింది. కాథెటర్ దగ్గర ఇన్ఫెక్షన్. అది తీసి ఇంకోవైపు పెట్టారు, యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆ రెండు రోజులూ నాకు నిజంగా భయమేసింది. శ్రీను బయట కారిడార్‌లో ఏడ్చాడని అమ్మ తర్వాత చెప్పింది.

చూడ్డానికి వచ్చిన చుట్టాల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఒక్కరూ ఒట్టి చేతులతో రాలేదు. కొబ్బరిబోండాలు, అరటిపండ్లు, బత్తాయిలు. పొటాషియం పెరిగిన మనిషికి ఇవే విషం. గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంది. అయినా "కొబ్బరినీళ్లు చలవ, ఏం కాదు" అని మూతి దగ్గర పెట్టేవాళ్లు. మెట్టుగూడ నుంచి వచ్చిన మా మేనత్త ఒకావిడ, "మగరాయుడి లెక్క బండ్లు తోలితె గిట్లనే అయితది. ఇంట్ల కూసుంటే వచ్చునా ఈ తక్లీఫ్?" అంది. అమ్మ నా మీద ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు కానీ, ఆ మాటకు లేచి నిలబడింది.

"ఇంట్ల కూసున్న నీకెందుకొచ్చిందే షుగరు? బోండం తీస్కొని నడువ్!"

మా అమ్మంటే నాకు ప్రాణమని ఆ రోజు మరోసారి తెలిసింది.

కొన్ని వారాలకు యూరిన్ రావడం షురూ అయింది. డయాలసిస్ ఆపారు. క్రియాటినిన్ దిగుతూ దిగుతూ వచ్చి ఒకటీ పాయింట్ నాలుగు దగ్గర ఆగిపోయింది. ఇంకా దిగదా అని అడిగితే డాక్టర్ కళ్లజోడు తీశారు. "పోయిన భాగం పోయిందమ్మా. మిగిలింది కాపాడుకుందాం. పెయిన్‌కిల్లర్ జన్మలో ముట్టొద్దు. కారు నడపండి, నేను వద్దనను. కానీ నీళ్లు తాగుతూ, టాయిలెట్‌కు వెళ్తూ ఉండాలి. ఆపుకోవడం మాత్రం కుదరదు." ఆసుపత్రి మెట్ల మీదే శ్రీను చేయి పట్టుకుని గెంతబోయాను. కాళ్లలో బలం లేక అక్కడే కూర్చున్నాను. ట్రాక్ నాకు ఇంకా ఉందని అంత సంతోషం.

కొత్త సీజన్‌కు ముందు కిరణ్ యాప్రాల్‌లో మా ఇంటికొచ్చాడు. నేను ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఒక్క ఫోన్ లేదు. పైగా "లేడీస్ కదా, ఎండకు తట్టుకోలేదు" అని అందరికీ చెప్పుకున్నాడని నాకు తెలుసు. ఇప్పుడు స్పాన్సర్‌కు పోస్టర్ మీద ఆడమనిషి కావాలట.

"సీటు నీదేనక్కా. కిడ్నీ గిడ్నీ ముచ్చట బయట పెట్టకు. వైరల్ ఫీవర్ అని చెప్దాం."

"సరే. బండ్లు ఆగే పిట్ పక్కన ఆడవాళ్లకు టాయిలెట్ పెట్టియ్యి. కిరాయికి దొరికే ప్లాస్టిక్‌దైనా పర్వాలేదు. నేను పోయొచ్చేదాక బండి ఆగాలె" అన్నాను.

వాడు నవ్వాడు. "ఏందక్కా, టాయిలెట్ కోసం సీటు ఇడుస్తవా?"

"ఇడుస్త."

మా ఇంట్లో తాగిన చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. మిగతా టీమ్‌లకు నేనే ఫోన్ చేశాను. "చూద్దాం మేడం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

నేనిప్పుడు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటాను. ఉప్పు తగ్గించాను. పొద్దున క్లాసులు తీసుకుంటాను. నా దగ్గర నేర్చుకునే ఆడవాళ్లకు మొదటి పాఠం స్టీరింగ్ కాదు, దారిలో వాడుకోదగ్గ టాయిలెట్ ఉన్న పెట్రోల్ బంకులు ఎక్కడున్నాయో చూపిస్తాను. పౌరుషంగా కాదన్నాను కానీ, ఆ కారు లేక నాకు బాగోలేదు. ఆదివారం మధ్యాహ్నం అయితే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నా సీటు ఇప్పుడు ఆమెదే. మొదటి మలుపు దగ్గర బ్రేక్ ఎక్కడ తొక్కాలని అడిగింది. కుళ్లు లేదని అబద్ధం చెప్పను, ఉంది. అయినా నాకు తెలిసిందంతా చెప్పాను. ఏ గేరు, ఏ గీత దగ్గర, ఎంతసేపు, అన్నీ. చివర్లో, "రేస్ నాడు నీళ్లు తాగుతున్నవా?" అన్నాను.

"లేదక్కా. కిరణన్న వద్దన్నడు. గొంతు తడుపుకుంట" అంది నవ్వుతూ.

ఆ పూటే కూర్చుని ఇది రాశాను. వాడు వైరల్ ఫీవర్ అని చెప్పుకోనీ, నేను అచ్చువేసి చెప్తున్నాను. మీరు రేసులకు వెళ్లకపోవచ్చు. బస్సెక్కుతారు, పరీక్షలు రాస్తారు, షాపుల్లో రోజంతా నిలబడతారు, పెళ్లిళ్లలో పట్టుచీర కట్టుకుంటారు. ఎక్కడికి వెళ్లినా ముందు టాయిలెట్ ఎక్కడని గట్టిగా అడగండి. దాహమేస్తే తాగండి. వస్తే వెళ్లండి. ఆపుకోమన్నవాణ్ని ఆగమనండి.