కొత్తపట్నం ఫోల్డరు

దర్శిలో ఎరువుల కొట్టు పైన ఒక గది. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు. రెండో కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. దాని మీద ఎవరూ సంచి కూడా పెట్టరు. ఆ గదికి వచ్చేది దేవకుమారి ఒక్కతే, ఆమె పెట్టదు.

చుట్టుపక్కల ముప్ఫై ఒక్క ఊళ్ల మిరపచేలలో నీలిరంగు జిగురు అట్టలు గాలికి ఊగుతుంటాయి. తెల్లవారగానే ఊరికొకరు వాటికంటుకున్న తామరపురుగుల్ని లెక్కపెట్టి ఫోనులో పంపుతారు. ఆ లెక్క కంప్యూటరులో ఆ ఊరి పేరున్న ఫోల్డరులో చేరుతుంది. దేవకుమారి ఒక్కో ఫోల్డరు తెరిచి, అందులోని స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము నడిపితే, ఆ రోజు మందు కొట్టాలో వద్దో ఆ ఊరి రైతులకు మెసేజీ వెళ్తుంది.

ఆ స్క్రిప్టులు పీరు రాసినవి. రెండో కుర్చీ అతనిది. అట్టలు కట్టడానికి బండి మీద ఊరూరా తిరిగి, వచ్చాక ఆ ఊరి స్క్రిప్టు రాసేవాడు. పని పూర్తయిందని తెర మీద చెప్పడానికి ప్రతిదాని చివరా ఒక మాట. "తాళ్లూరు అయింది దేవక్కా, ఇక్కడి కుక్క నా చెప్పు ఎత్తుకుపోయింది." "కురిచేడు అయింది దేవక్కా, నీళ్లడిగితే మజ్జిగిచ్చారు." ఒక మధ్యాహ్నం ముండ్లమూరు నుంచి వస్తూ, గుండె పట్టుకుని దారి పక్కన కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

అతని మాటలు మాత్రం రోజూ లేచేవి. దేవకుమారి ఒక్కో ఊరికీ వెళ్లి, చదివి, నవ్వి, ఒక్కోసారి పైకే జవాబిచ్చి, తర్వాతి ఊరికి కదిలేది. ఆఖరి ఊరు దాటేసరికి పన్నెండయ్యేది. రోజు మొత్తంలో ఆమెను పేరుతో పిలిచేవాడు అతనొక్కడే.

జనవరిలో అద్దంకి వైపు నుంచి యలమందయ్య అనే రైతు ఫోను చేశాడు.

"ఏందమ్మా మీ మెసేజీ! పురుగు తక్కువుంది, కొట్టొద్దంటారు. పన్నెండింటికా చెప్పేది? నేను పొద్దున్నే కొట్టేశా. డ్రమ్ము ఖాళీ. ఇప్పుడు మందుని వెనక్కి రమ్మని బతిమాలుకోనా?"

ఒంగోలు ఆఫీసులో కంప్యూటర్లు చూసే లక్ష్మీకాంత్ ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు: అన్ని ఫోల్డర్లలోకీ తనే వెళ్లి పని చేసుకొచ్చే స్క్రిప్టు ఒక్కటి రాసేయండి మేడం, నిమిషం పని అని. చూద్దాంలెండి, అనేది. ఆ నిమిషంలో పీరు మాటలన్నీ రైలు కిటికీలోంచి ఊళ్లలా జారిపోతాయని ఆమె భయం.

ఆ సాయంత్రం రాసింది. మెసేజీలు ఎవరికీ పోకుండా ఆపి, నడిపి చూసింది. నడుస్తున్నంతసేపూ కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే ముప్ఫై ఒక్క మెసేజీలకు ఒక్కటే మిగిలింది. లక్ష్మీకాంత్‌కు ఫోను చేసింది.

"ఊరి బయట నిలబడి పిలిచారు మేడం. మెసేజీలన్నీ బయటే ఒకదాని మీద ఒకటి రాసుకున్నాయి. ఒక్కో ఫోల్డరు లోపలికెళ్లాలి, అక్కడ నడపాలి, బయటికి రావాలి, అప్పుడే ఇంకోదాన్లోకి."

"నేను రోజూ వెళ్లేది అట్టాగేనండీ," అంది.

మర్నాడు ఏడున్నరకు మీట నొక్కింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. బస్తా మూతి విప్పితే కాయలు జారినట్టు మాటలు జలజలా పడ్డాయి. కుక్క, చెప్పు, మజ్జిగ. ఒక ఊపిరిలో అన్ని ఊళ్లూ అయిపోయాయి.

తెర మీద వరుసలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. ఎక్కడో తప్పు జరిగిందని పైకి జరుపుతూ వెతికింది.

కొత్తపట్నం.

సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. ఊళ్ల జాబితా తయారుచేసిన వాళ్లెవరో పొరపాటున చేర్చారు. అక్కడి నుంచి ఏనాడూ లెక్క రాలేదు. ఖాళీ ఫోల్డరే కదా అని ఆమె ఏనాడూ తెరవలేదు. అందులో పీరు రాసిపెట్టింది ఒక్క మాటే.

"ఇక్కడ మిరపచేను లేదు దేవక్కా, సముద్రమే. ఇంత దూరం వచ్చావుగా, కాసేపు కూర్చో."

ఫోను మోగింది. యలమందయ్య.

"వచ్చిందమ్మా! ఇంకా డ్రమ్ములో నీళ్లు కూడా పొయ్యలా. బతికించావు!"

"మంచిదండీ."

పన్నెండింటికి ఇంకా చాలా పొద్దుంది. ఆమె లేచి, రెండో కుర్చీ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. కిటికీ వైపు తిప్పి అందులో కూర్చుంది. బయట ఆరబోసిన మిరపకాయలు, ఆకాశం అంచుదాకా ఎర్రగా. అలల చప్పుడొక్కటే లేదు.