అడిగి వేసుకోవాల్సిన చెప్పులు

తాగుడు మానాలనుకునే మగాళ్లు నలుగురైదుగురు కలిసి ఉండే ఇల్లొకటి నరసరావుపేటలో ఉంది. అది రత్తమ్మది. ఆమె మొగుడు ఈశ్వరయ్య క్వారీలో రాళ్లు కొట్టి, వచ్చిన కూలంతా తాగి, చివరికి కాలేయం చెడి పోయాడు. ఆయన్ని ఆపలేకపోయానన్న కసితోనే ఈ ఇల్లు పెట్టింది. ఇక్కడ కట్టుబాటు ఒక్కటే. వచ్చినవాడు చెప్పులు విప్పి రత్తమ్మ చేతికివ్వాలి. అవి ఆమె ఇనప్పెట్టెలో ఉంటాయి. బయటికెళ్లాలంటే ఎదురుగా నిలబడి అడగాలి. అడిగినవాడి మొహం చూసి, "ముందు కాసిని టీ తాగు, తర్వాత ఇస్తా" అనేది. టీ అయ్యేసరికి చానామందికి ఆ యావ చల్లారేది.

వాళ్లలో కాలేషా లారీ మెకానిక్. పనిలో దిట్టే, తాగుడే కొంప ముంచింది. "శుక్రవారం వస్తా. అప్పటిదాకా ముట్టకపోతే ఇంటికి తీసుకెళ్తా. ముట్టావా, ఇంక నా గడప తొక్కొద్దు" అని భార్య అబిదా ఖరాఖండిగా చెప్పింది.

బుధవారం తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. ఎక్కడో ఇలాంటి ఇంట్లోనే మనుషుల్ని గొలుసులతో కట్టేశారట. అందుకని ఇప్పుడు అన్నిటికీ నిబంధనలు.

"చెప్పులు దాచడమంటే మనిషిని బంధించడమేనమ్మా. ఇచ్చేయండి. లేదంటే ఇల్లు మూయించాల్సి వస్తుంది" అంది పెట్టె చూసి.

"నేనేమన్నా కట్టేశానా ఏంది? అడిగితే ఇస్తన్నాగా!" రత్తమ్మకి ఒళ్లు మండిపోయింది. కానీ ఆ గొలుసుల మాట గుర్తొచ్చింది. ఆవిడ చెప్పిందీ అబద్ధం కాదు మరి! చెప్పులన్నీ తెచ్చి వాకిట్లో వరసగా పెట్టింది.

గురువారం వంట చేస్తూ పదిసార్లు వాకిట్లోకి తొంగిచూసింది. కాలేషా చెప్పులు అక్కడే ఉన్నాయి. హమ్మయ్య అనుకుంది. తీరా అన్నానికి పిలిస్తే మనిషి లేడు! చెప్పుల్ని చూసి మనిషి ఉన్నాడనుకుంది, పిచ్చిది.

ఆ చెప్పులే చేతపట్టుకుని బ్రాందీషాపు వైపు పరిగెత్తింది. ఎండకి రోడ్డు మీద తారు కరుగుతోంది. షాపు పక్కన గోడకి చేరగిలబడి ఉన్నాడు కాలేషా. నోట్లోంచి గుప్పున వాసన. అరికాళ్ల నిండా బొబ్బలు.

"ఒరేయ్! రేపేగదరా అబిదా వచ్చేది! చెప్పులన్నా ఏసుకోకుండా ఈ ఎండలో ఎట్టా వచ్చావురా?"

కాలేషా తలెత్తలేదు. "నిన్నడక్కుండా ఎట్టా ఏసుకునేది పిన్నమ్మా? అడిగితే టీ తాగమంటావుగా."

రత్తమ్మ ఏడుస్తూ అక్కడే చతికిలబడి, అతని కాళ్లకి చెప్పులు తొడగబోయింది. బొబ్బల వల్ల అవి ఎక్కలేదు.