ఇసుక కింది ఊరికి బిషప్

ఆ ఆరేళ్ళూ ఆయన ఆ ఊళ్ళో ఏం చేశాడో నాకు ఎంతకీ అంతుపట్టలేదు.

ఆయనంటే తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశానికి చెందిన కాథలిక్ ఆర్చిబిషప్. నేను ఆయన్ను చూడలేదు, ఇక చూడబోను కూడా. ఆయన జీవితం మీద అక్కడి చర్చివాళ్ళు ఇంగ్లిషులో వేసిన చిన్న పుస్తకం ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. తెలుగు చేసిపెట్టమని ఎల్బీనగర్ కాన్వెంటులో ఉండే ఒక సిస్టర్ ఇచ్చి వెళ్ళారు. నల్గొండ పల్లెలో పుట్టి, నర్సు చదువు చదివి, ఆ ఆర్చిబిషప్ ఏలుబడిలోని ఒక దవాఖానలో ఏళ్ళ తరబడి పని చేసి, నడుం వంగాక తిరిగొచ్చిన మనిషి. ఊళ్ళో తమ్ముళ్ళ పిల్లలు "అత్తా, ఆడ ఏం జేసినవ్ గిన్నేండ్లు?" అని అడుగుతారట. ఈ పుస్తకం చేతికిస్తే తాను పని చేసిన చోటూ, తనతో పని చేయించిన మనిషీ వాళ్ళకు తెలుస్తారని ఆమె ఆశ.

దేవుడు లేడని యాభై ఏళ్ళుగా వేదికలెక్కి గొంతు చించుకుంటున్నవాణ్ణి. నా దగ్గరికే ఎందుకొచ్చారని అడిగాను.

"మావోళ్ళకిస్తే పొగిడి పొగిడి పెడ్తరు సారూ. మనిషే కనబడడు. మీరైతే ఒక్క చెంచ భక్తి గూడ కలపరు," అన్నారు.

ఆ మాటకు పడిపోయి ఒప్పుకున్నాను. నిజానికి అప్పుడు నా మనసు ఇంకో గొడవలో ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైగదిలో మా హేతువాద సంఘం ఆదివారం ఆదివారం కూర్చుంటుంది. పెట్టిన రోజు నుంచీ నేనే అధ్యక్షుణ్ణి. ప్రతిసారీ ఎన్నిక జరుగుతుంది, ప్రతిసారీ ఏకగ్రీవమే. సంఘం పనంతా చేసేది కార్యదర్శి. సర్కారు బడిలో లెక్కల టీచరు, నల్గొండ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఎప్పుడూ ఎదురు చెప్పని ఆ అమ్మాయి, వార్షిక సమావేశం నెల రోజులుందనగా, కుర్చీలు మడతపెడుతూ అంది: "ఈసారి అధ్యక్షురాలిగ నేనుంటా సార్. మీరు జర పక్కకు జరగాలె."

"పోటీ చెయ్యమ్మా! ప్రజాస్వామ్యం కదా. ఎవరు కాదన్నారు?" అన్నాను.

"మీ ముంగట మీ మీద ఎవ్వరు చెయ్యెత్తుతరు సార్? మీరు దిగితెనే నేను ఎక్కుడు."

నేను చెప్పులేసుకుని మెట్లు దిగాను. సైదాబాద్‌లోని మా ఇంటిదాకా నడుస్తూ మనసులోనే ఆమెతో వాదించాను, గెలిచాను కూడా. ఇంటికొచ్చాక ఆ గెలుపు వల్ల నాకేం ఒరిగిందో తెలియలేదు.

అలాంటి రోజుల్లో మొదలుపెట్టాను ఆర్చిబిషప్ జీవితం. సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాడు. ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయంలో చదివాడు. చిన్న పల్లెలో ఫాదర్‌గా పని చేశాడు, తర్వాత అదే విద్యాలయంలో లాటిన్ చెప్పాడు. ఆపైన సహాయ బిషప్ అయ్యాడు, ఆపైన ఉత్తరాన ఎండిపోయిన జిల్లాలకు బిషప్, చివరికి రాజధానిలో ఆర్చిబిషప్. నాకు ఇదంతా మా చుట్టాల్లో ఒక తహసీల్దారు నౌకరీలాగే కనిపించింది. చేరిక, బదిలీ, ప్రమోషన్, రిటైర్మెంట్. అదే లెక్కలో రాసుకుంటూ పోయాను.

సహాయ బిషప్ అయిన చోట చిక్కుపడింది. ఆయన పని చేసింది రాజధానిలోనే అని పుస్తకం చెబుతోంది. కానీ ఆయన్ను ఇంకో ఊరికి బిషప్‌గా నియమించారని అదే పేజీలో ఉంది. ఆ ఊరి పేరు ఎక్కడా వినలేదు. బదిలీ అయ్యుంటుందనుకుని "ఆ పట్టణానికి బదిలీపై వెళ్ళి, అక్కడి ప్రజలకు ఆరేళ్ళు సేవ చేసి" అని రాసేశాను. తర్వాత అనుమానమొచ్చి వెతికాను. ఊరు దొరికింది. ఉత్తరాన, వేరే దేశంలో, ఎడారి అంచున. విరిగిన స్తంభాలు నాలుగు, చుట్టూ ఇసుక. పాడుబడి వెయ్యేళ్ళు దాటింది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. దొంగను పట్టుకున్నానన్న సంతోషం. పుస్తకం అంచున ఎర్ర ఇంకుతో "ఇసుకకు బిషప్!" అని రాశాను. మర్నాడు పొద్దున్నే ఎల్బీనగర్ వెళ్ళాను.

సిస్టర్ కాన్వెంటు వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. బదిలీ అంటూ నేను రాసిన వాక్యం చదివి వినిపించాను. ఆమె చేతిలో కాయ వదిలేసి నవ్వడం మొదలుపెట్టారు.

"ఆడికి ఆయన పోనే పోలే సారూ! ఆడెవ్వలున్నరని పోవాలె?"

"అదే నేనూ అడుగుతున్నాను. మనుషుల్లేని ఊరికి బిషప్ ఏంటండీ?"

"బిషప్ అంటె ఏదో ఒక ఊరికి బిషప్ గావాలె. రాజధానిల పెద్ద బిషప్ గారు ఉండంగ ఈయనకు గదే ఊరు ఇయ్యరాదు. అందుకే ఎప్పుడో కూలిపొయిన ఊరి పేరు ఇస్తరు. పేరు ఆ ఊరిది, పని ఈ ఊర్ల. సాయం జేసే బిషప్పులందరికీ అంతే."

"అంటే ఉత్త పేరు. అబద్ధం కాదా?"

"అబద్ధమెట్లైతది? అందరికీ ఎరికేనాయె. మోసపోయినోళ్ళెవరు?"

ఎవరూ మోసపోని అబద్ధాన్ని ఏమనాలో నాకు తట్టలేదు. ఇంతలో నాదర్‌గుల్ వైపు నుంచి పైలెట్ పాఠాలు నేర్పే చిన్న విమానం ఒకటి గుర్రుమంటూ మా నెత్తి మీద చుట్టు తిరిగింది. ఆమె తలెత్తి చూశారు. "గసొంటి దాంట్లనే ఒచ్చేటోళ్ళు ఆర్చిబిషప్ గారు మా దవాఖానకు. దిగంగనే ముందు వంటింట్లకు పొయ్యి పప్పున్నదా అని అడిగేటోళ్ళు. నేను నేర్పిన మన పప్పు," అన్నారు. మళ్ళీ కాయలు ఒలుస్తూ మామూలుగా అడిగారు: "మీ సంఘంల ఎంతమందుంటరు సారూ?"

"జాబితాలో నలభైకి పైనే."

"ఆదివారం ఎంతమందొస్తరు?"

"ఐదుగురం. ఒక్కోసారి ఆరుగురు."

ఆమె తల ఊపారంతే. ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేది, దానికి జవాబు చెప్పేవాణ్ణి.

చివరి అధ్యాయం ఇంకా చదవలేదన్నాను. ఆమే చెప్పారు. వాళ్ళ చట్టంలో డెబ్బై అయిదేళ్ళు నిండిన బిషప్ ఎవరైనా పోపుకు రాజీనామా రాసివ్వాలట. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పోపు ఇష్టం. ఈ ఆర్చిబిషప్ పుట్టినరోజు నాడే రాశాడు. జవాబు రాలేదు. ఏడాది దాటినా రాలేదు.

"ఆ ఏడాది ఏం చేశాడు?"

"రోజూ ఆఫీసుకు పోయేటోళ్ళు. గని కుర్చీల ఎనుకకు ఆనుకొని కూసోలే. అంచుకే కూసునేటోళ్ళు, ఎవరో ఒస్తరు లేవాలె అన్నట్టు. ఆఖరికి ఒప్పుకున్నమని రెండు ముక్కల ఉత్తరమొచ్చింది. ఇప్పుడు ఎన్కట లాటిన్ చెప్పిన బడి ఎనుక రెండు రూములల్ల ఉంటరు. కోళ్ళను సాదుతరు."

నేను తిరుగు ప్రయాణంలో మెట్రో ఎక్కి, దిగాల్సిన దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట దాకా పోయాను. అంత తికమకగా ఉంది నాకు. "కుర్చీ ఎక్కిన గురువు దిగడు" అన్నది నేను పల్లెపల్లెనా చేసిన ఉపన్యాసం. బాబాలనూ పీఠాధిపతులనూ బిషప్పులనూ ఒకే తాడుకు కట్టి ఉతికేవాణ్ణి. జనం ఈలలేసేవాళ్ళు. ఇప్పుడు ఈ మనిషి దిగాడు. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ ఓటెయ్యలేదు, పై నుంచి పెట్టారు, పై నుంచి తీశారు. అందులో ప్రజాస్వామ్యం వెంట్రుకంత లేదు. ఆ మాట మీద ఈనాటికీ నిలబడతాను. మరి ఎన్నికలూ నిబంధనావళీ ఉన్న మా సంఘంలో, డెబ్బై ఏడేళ్ళ నేను, ఎందుకు దిగలేదు? తర్కంలో ఎక్కడో మెట్టు తప్పింది. అది ఆయన తర్కమా, నాదా?

ఆయన దిగడం ఆచారాన్ని గుడ్డిగా అనుసరించడమే అయితే, అనుసరించడానికి ఏ ఆచారమూ లేకుండా కుర్చీకి అతుక్కుపోవడాన్ని ఏమంటారు? స్వేచ్ఛ అంటామా? ఆ మాట రాసి చూశాను. కాగితం మీద అసహ్యంగా కనిపించి కొట్టేశాను.

మరుసటి శనివారం రాజీనామా రాయడానికి కూర్చున్నాను. ఎవరికి రాయాలో చూద్దామని మా నిబంధనావళి తీశాను. నేనే రాసింది. "రాజీనామా చేయదలచినవారు అధ్యక్షునికి సమర్పించాలి. అధ్యక్షుడు ఆమోదించవచ్చు, నిలిపి ఉంచవచ్చు." అధ్యక్షుడే రాజీనామా చేస్తే అన్న ఊహ ఆ రోజు నా బుర్రకు రాలేదు. చేసేదేమీ లేక నాకే రాసుకున్నాను.

ఆదివారం ఆరుగురం చేరాం. గదిలో ఉన్నవి ఆరు కుర్చీలు, అందులో చేతులున్నది ఒకటే. ఆ ఒక్కదానిలో నేను. కార్యదర్శి కాగితం చదివింది, మళ్ళీ చదివింది.

"సార్, గిది మీకు మీరే రాసుకున్నరు."

"నిబంధన అదేనమ్మా."

"మరి ఒప్పుకున్నరా?"

అందరూ నవ్వారు. "ఇంకా ఆలోచిస్తున్నాను," అన్నాను. హాస్యానికి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆమె పెన్ను తీసి "అధ్యక్షునికి" అన్నది కొట్టేసి, పైన "సభ్యులకు" అని రాసింది. "కిందికి పొయ్యి చాయ్ తాగి రండ్రి సార్. మేం మాట్లాడుకుంటం."

కింద చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. జిరాక్స్ మిషన్ ఎవరివో హాల్ టికెట్లు తీస్తూనే ఉంది. వద్దు సార్, మీరే ఉండండి అని వాళ్ళంటారని ఎదురుచూస్తున్నానా, ఒప్పుకుంటారని చూస్తున్నానా? రెంటికీ సిద్ధంగా లేను. ఆ ఆర్చిబిషప్ ఏడాది పాటు ఎలా వేగాడో అడగాలనిపించింది. నాకు పదిహేను నిమిషాలే చాలా బరువయ్యాయి.

పైకి పిలిచారు. అలవాటుగా పోయి నా కుర్చీలోనే కూర్చున్నాను. రాజీనామా ఆమోదించారు. వచ్చే ఎన్నికదాకా అధ్యక్షురాలు ఆమే. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

"మీరు మాత్రం గౌరవాధ్యక్షులుగ ఉంటరు సార్. ఏకగ్రీవం," అంది.

"అందులో పనేంటమ్మా?"

"పనేం ఉండదు సార్. పేరుంటది."

పుస్తకం అంచున నేను రాసిన ఎర్ర ఇంకు మాట గుర్తొచ్చింది. నవ్వాలో, కోపం తెచ్చుకోవాలో, మెట్లు దిగి వెళ్ళిపోవాలో తేలలేదు. "ఆలోచించి చెబుతాను," అన్నాను.

"ఆలోచించుండ్రి సార్, తొందరేం లేదు. గని గా కుర్చీ ఇటియ్యండ్రి. మినిట్స్ రాయాలె, నాకు చేతుల కుర్చీ గావాలె."

లేచి ఇచ్చాను. ఆమె అందులో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఆమె ఖాళీ చేసిన కుర్చీ మీద అప్పటికే ఎవరో పుస్తకాల కట్ట పెట్టేశారు. నేనెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. సమావేశం అయిపోయేదాకా కిటికీ దగ్గర నిలబడే ఉన్నాను.