బెట్టీ ఆంటీ తెచ్చిన బేకన్ పై

ఆదివారం పొద్దున్నే కింది అపార్ట్‌మెంట్ వాళ్లు బేకన్, అదే పొగబెట్టిన పంది మాంసం, వేయిస్తే ఆ పొగవాసన బాల్కనీ మీదుగా మా వంటింట్లోకి వస్తుంది. మా అమ్మాయి ముక్కు మూసుకుంటుంది, మా ఆయన కిటికీ వేసేస్తారు. నేను కాఫీ కప్పుతో అక్కడే నిలబడిపోతాను. బాధ కాదు, ఇష్టమూ కాదు, ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంటుంది.

ఎనభైల మొదట్లో మేం టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. ఎండాకాలమంటే చెప్పులకి అంటుకునే తారు, చెవులు చిల్లులు పడేలా కూసే కీచురాళ్లు, పచ్చిక మీద చిమ్మే నీళ్లలో తడుస్తూ అరిచే పిల్లలు, కారు బానెట్ మీద పాత చీర పరిచి అమ్మ పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, వాటిలో ఒకటి వేయించకుండానే కొరికి, పన్ను నొప్పి దాచుకుని ‘వెరీ నైస్’ అనేసిన పక్కింటి బెట్టీ ఆంటీ. ఆవిడని ఆంటీ అనమన్నది అమ్మే. మా ఇంట్లో గుడ్డు కూడా కేకులో కలిసి వస్తేనే చెల్లేది.

ఆ ఎండాకాలంలోనే నాకో తమ్ముడు పుట్టి, ఇంటికి రాకుండానే ఆసుపత్రిలో పోయాడు. అమ్మ ఒట్టి చేతులతో వచ్చి సోఫాలో కూర్చుంది. ఏడవలేదు, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, చుట్టాలో ఇరుగుపొరుగో వండి తెస్తేనే తినాలి అన్నారు నాన్న. చుట్టాలేమో సముద్రాల అవతల. అమ్మ తినలేదని నాన్న మానేశారు, వాళ్లిద్దర్నీ చూసి నేను బ్రెడ్డు ముక్క పక్కన పెట్టేశాను.

మర్నాడు సాయంత్రం బెట్టీ ఆంటీ తలుపు తట్టింది. అక్కడా చావింటికి వండి తీసుకెళ్లడం ఆనవాయితీ. తువ్వాలుతో పట్టుకున్న గిన్నెలో, ఎర్రగా కాలిన పిండి మూతతో, పొగలు కక్కుతున్న ‘పై’ అనే వంటకం. “డిన్నర్‌కి ఇదొక్కటే చాలు,” అని అమ్మ భుజం నిమిరి వెళ్లిపోయింది.

నాన్న పైపొర తీశారు. బంగాళాదుంప, ఉల్లి, గుడ్లు, వాటి మధ్య బేకన్ ముక్కలు. ఆఫీసు క్యాంటీన్లో చూసినవే కాబట్టి పోల్చుకుని, ఫోర్కుతో ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఎంత ఏరినా తరగడం లేదు.

“ఎందుకండీ ఏరతారు? ఆవిడ మన కోసం చేసింది.”

“అది పంది మాంసమే.”

“తెలుసు. ఇలా ఇవ్వండి.”

అమ్మ లేచి వచ్చి, ఏరినవి కూడా మళ్లీ కలిపేసి, పప్పన్నంలా చేత్తో మెదిపింది. తనొక ముద్ద తిని, నా నోట్లో ఒకటి పెట్టి, కంచం నాన్న ముందుకి తోసింది. ముగ్గురం తిన్నాం. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. ఉప్పు, పొగ, మెత్తటి దుంప, అంతే.

అమ్మ మళ్లీ పొయ్యి వెలిగించేదాకా ఆవిడ అదే తెచ్చింది, మేం అదే తిన్నాం. మేం శాకాహారులమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ వీధిలో ఇప్పుడు ఆఫీసు భవనాలున్నాయి. బెట్టీ ఆంటీ లేదు, నాన్న లేరు, కిందటేడు అమ్మా పోయింది. ఆ వారం స్నేహితులు యాప్‌లో ఆర్డర్ చేసిన భోజనాలు మా గుమ్మం ముందుకొచ్చాయి. తెచ్చినవాళ్ల మొహం ఒక్కటీ చూడలేదు.

అమ్మ ఉన్నప్పుడు ఒకసారి, ఆ బేకన్ పై రుచి ఎలా ఉందమ్మా అని అడిగాను.

“రుచా, నా మొహం! నేను తినకపోతే మీ నాన్న తినరు, ఆయన తినకపోతే నువ్వు తినవు. వాడెటూ పోయాడు. నువ్వూ అట్లా మాడిపోతే నాకెవరు మిగులుతారే?”